చిప్ప గరిటె

రెలుపులు మొదలైతే నా చెయ్యి నాది కాదు.
ఆకు మడ్డి గోళ్లలోకి దిగి
వేలిముద్రలు కూడా కనపడవు.
బ్యాంకులో మిషను రెండుసార్లు
నేను నేను కాదంది.

చింతపండు పెట్టి రుద్దాను, బూడిద పెట్టి తోమాను,
ఎవరో చెబితే పచ్చి టమాటా పిండి చూశాను.
నలుపు కొంచెం పోద్ది. చేదు పోదు.
పప్పన్నం కలిపి ముద్ద పెడితే
ఏబేలు మూతి ముడిచి, నాలిక బయటికి జాపి
గడప అవతల ఉమ్మొచ్చాడు.
వాడికి నాలుగేళ్లు. మొహమాటం ఇంకా రాలేదు.
స్టీలు గరిటె పళ్లకు తగిలితే అదో ఏడుపు.

దీవెన కొండపి బళ్లో రెండో తరగతి.
ఆదివారం గుడి నుంచి రాంగానే
టెంకాయ చిప్ప ముందేసుకుని కూచుంది.
"ఏందమ్మే అది?"
"చెప్పను పో."
మూసి ఇసక చారెడు పోసి గచ్చు మీద రుద్దడం,
చెవి కాడ పెట్టుకుని ఏందో వినడం, మళ్లీ రుద్దడం.
పీచు రాలి తమ్ముడి జుట్టులో పడితే
వాడు ముసలాడయ్యాడని
ఇద్దరూ పడీ పడీ నవ్వారు.

బొక్క పొడవాలంటే మేకు కాలాలి.
రాత్రంతా బ్యారన్ కాడ మంట కాసొచ్చిన మరియదాసు
నిద్ర మొహంతోనే పొయ్యిలో మేకు పెట్టాడు.
ఆకు ఎప్పుడు పసుపు తిరగాలో, ఈనె ఎప్పుడు ఎండాలో
నిద్రలో లేపి అడిగినా చెప్పే మనిషికి
కూతురి చిప్ప దగ్గర చేతులు వణికాయి.
బొక్క పెద్దదయింది.
దీవెన ఏమీ అనలేదు.
ఆ అనకపోవడాన్ని ఆయన మూడు రోజులు మోశాడు.

కాడకు విరిగిన ఆకు కర్ర ముక్క,
కట్టడానికి నా కొంగుకు అంటుకొచ్చిన పురికొస.
రోజంతా కర్రలకు ఆకు అల్లుతాను కదా,
కొస పళ్ల కింద పట్టి లాగి ముడేస్తాను.
నా కూతురు అట్టానే పట్టింది, అట్టానే లాగింది,
అట్టానే ఎడమ బొటనవేలితో అదిమింది.
నేనైతే నేర్పలా.
నాకు సంబరమేసింది. ఎనకాలే భయమేసింది.
సంబరమే ముందొచ్చింది, ఆ మాట దాయను.

"ఇదుగో. పట్టుకునే వైపు నీది, తినే వైపు మాది.
నీ చేదు ఇట్టా రాలేదు."

మొదటి రోజు చారంతా
బొక్కలోంచి ఏబేలు బొజ్జ మీద కారింది.
వాడు వేలు అడ్డం పెట్టి ఒకటే కేరింతలు.
రెండో రోజు కొవ్వొత్తి మైనం. మూడో రోజు చింతగింజ.
నాలుగో రోజు వాళ్ల నాయన తుమ్మజిగురు తెచ్చి
ఎవరూ అడక్కుండానే గోడవారన కూచుని పూశాడు.

ఇక ఆ నెలంతా ఇంట్లో కాలు పెట్టే చోటు లేదు.
మంచం కింద తాటిబుర్రల బండి,
దిండు పక్కన గోనెపట్టా కోడి, దానికి మూడు కాళ్లు.
ఒకటి తోకంట. తోకకు గోళ్లెందుకు పెట్టారో నేనడగలా.
పక్కింటి సలోమమ్మ చూసి, చెత్త, అంది.
చెత్తే. ఊడవబోతే చీపురు కదల్లేదు.

మట్టలాదివారం నాటికి ఆఖరి బ్యారన్ దించారు.
బేళ్లు టంగుటూరు వేలానికి పోయినయ్.
రేటు సంగతి ఇంకో రోజు చెప్తా.
నా అరచేతుల తోలు పొరలుగా లేచి కొత్త తోలొచ్చింది.
నాలిక ఆనించి చూసుకున్నా, ఒక్కో వేలూ.
చేదు లేదు.

పులుసన్నం కలిపి, "రారా నాయనా" అన్నా.
నోరు తెరిచాడు. నమిలాడు. ఆలోచించాడు.
లేచిపోయి, స్టూలెక్కి,
మేకుకు తగిలించిన గరిటె తీసుకొచ్చి
నా చేతిలో పెట్టాడు.

జిగురు మళ్లీ ఊడింది.
ముద్ద ముద్దకూ ఒక చుక్క పులుసు
మణికట్టు మీంచి మోచేతి దాకా పోతావుంది.
తుడుచుకోవాలంటే గరిటె కింద పెట్టాలి.
వాడు నోరు తెరిచే ఉండాడు.